సగం గొరిగిన మాణిక్యం

అవనిగడ్డ, 1938 జూన్

బందరు ఇనప సామాన్ల కొట్టు గుమాస్తా పురుషోత్తం గారికి జట్కా జకరయ్య దణ్ణాలు పెట్టి రాసుకున్నది.

మీ కొట్లో గుర్రం వెంట్రుకలు తీసే క్లిప్పరు మిషను కొన్నాను. మీకు గుర్తుండకపోవచ్చు. నేను పెద్దగా మాట్లాడలేదు.

మా ఆడగుర్రం మాణిక్యానికి ఒంటినిండా తామర. వెంట్రుకంతా తీసి చర్మానికి మందు రాయమన్నారు పశువుల డాక్టరుగారు. వానలు ముదిరేలోగా తగ్గకపోతే గుర్రం దక్కదన్నారు. ఎడమపక్కంతా మిషను బాగానే తెగింది. కుడిపక్కకి వచ్చేసరికి మానేసింది. వెంట్రుకని నమిలి పీకుతోంది. మాణిక్యం తంతోంది.

ఏం చెయ్యమంటారో రాయండి.

ఇట్లు,
జకరయ్య

తా.క. సగం గొరిగిన గుర్రం ఎదురైతే కీడంటున్నారు. ఎడమపక్క చూసినవాళ్ళు బస్సెక్కుతున్నారు. కుడిపక్క చూసినవాళ్ళు నా బండే ఎక్కుతున్నారు గాని, దిగాక రెండోపక్క చూసి తిడుతున్నారు.

*

బందరు

జకరయ్యకు పురుషోత్తం రాయునది. ఇక్కడ మేమందరం బాగున్నాం. మా మిషన్లు కూడా బాగున్నాయి.

మా సామాను తెగకపోవటం అనేది ఉండదు. లోపం పట్టే చేతిలో ఉంటుంది. నువ్వు నూనె వేసి ఉండవు. పళ్ళ మధ్య నూనె వేసి ఆడించు. గుర్రాన్ని మట్టి పోయేలా కడిగి, బాగా ఆరాక పట్టు. బురద మీద పెడితే ఏ మిషనూ తెగదు.

ఇంతే సంగతులు.
పురుషోత్తం

తా.క. ఎడమపక్క జనానికి కనపడకుండా బండి నిలబెట్టుకోలేవా? ఆ మాత్రం ఆలోచన ఉండద్దూ!

*

అవనిగడ్డ

పురుషోత్తం గారికి జకరయ్య దణ్ణాలు.

నూనె వేశాను. ఇంట్లో ఆముదమే ఉంది. మిషను ఇప్పుడు అసలు కదలటంలేదు.

గుర్రాన్ని కడిగాను. కడిగిన పూటే ముసురు పట్టింది. ఇంకా ఆరలేదు. కుడిపక్క తామర ఇంకా ముదిరింది. మాణిక్యం మేత తగ్గించింది. పొద్దస్తమానం గోడకి రాసుకుంటోంది.

జకరయ్య

తా.క. మీరు చెప్పినట్టే బండిని ఎడమపక్క కాలవ వచ్చేలా నిలబెట్టాను. ఎక్కబోయి మునసబుగారు కాలవలో పడ్డారు. ఆయన కూడా బస్సులోనే వెళ్ళారు, తడిగుడ్డలతో.

*

బందరు

జకరయ్యకు,

ఆముదమా! నీ గుర్రానికి విరేచనాలా నాయనా?

మధ్యలో ఉన్న మరమేకు ఊడదియ్యి. పళ్ళున్న రెండు పలకలూ కిరసనాయిల్లో నానబెట్టి, ఇరుక్కున్న వెంట్రుకలన్నీ తీసెయ్యి. తుడిచి కుట్టుమిషను నూనె వెయ్యి. మర మరీ బిగిస్తే పలక కదలదు. వదులుగా ఉంచితే వెంట్రుక రెండు పలకల మధ్యా మడతపడుతుంది, తెగదు. ఆడిస్తూ కొంచెం కొంచెం బిగించుకో.

పురుషోత్తం

తా.క. మునసబుగారికి మా కొట్టు పేరు చెప్పలేదు కదా?

*

అవనిగడ్డ

పురుషోత్తం గారికి దణ్ణాలు.

అన్నీ చేశాను. కుట్టుమిషను నూనె పాస్టరు గారి భార్య ఇచ్చారు. మిషను గలగలా ఆడుతోంది. తెగటంలేదు.

నేను మిషనుతో కనపడితే మాణిక్యం మొహం తిప్పేసుకుంటోంది. ఇదివరకెప్పుడూ అట్లా చెయ్యలేదు.

జకరయ్య

తా.క. మిషను ఇప్పుడే పక్కింటి పెద్దింట్లమ్మ గారు తెచ్చిచ్చారు. వాళ్ళ మేకకి కూడా తెగలేదట.

*

బందరు

జకరయ్యా,

మధ్యలో ఈ మేక ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంకా ఎవరెవరికి ఇచ్చావు? దాచకుండా రాయి. మిషను వెంటనే మా కొట్టుకి పంపు.

పురుషోత్తం

తా.క. మేక మాట ఇంకెవరితోనూ అనకు. గుర్రాల మిషనని బోర్డు రాయించాం.

*

అవనిగడ్డ

పురుషోత్తం గారికి దణ్ణాలు.

అడిగినవాళ్ళందరికీ ఇచ్చానండి. ఒకరింటికి కొత్త వస్తువొస్తే ఊరంతా ఒకసారి వాడి చూడటం ఇక్కడ మామూలే. మంగలి శోభనాద్రి పిల్లల తలలకి పట్టుకెళ్ళాడు. పడవవాళ్ళు మోకులకి లేచిన పీచు తీసుకున్నారు. ఒకాయన చాప అంచులు కత్తిరించుకున్నాడు. అడిగితే లేదనటం నాకు చేతకాదు. మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. పెళ్ళయిన్నాటి నుంచీ మా ఎలీసబెతు దీనికే ఏడుస్తోంది.

మిషను పులిగడ్డ రేవులో పడవవాడి చేతికిచ్చి పంపాను.

జకరయ్య

తా.క. ఊళ్ళో పిల్లల తలలకి తామర వచ్చింది. మాణిక్యం మందు అడిగారు. ఇచ్చాను.

*

బందరు

జకరయ్యకు,

నీలాంటి మనిషిని నేను చూళ్ళేదు. పళ్ళు మొద్దుబారి ఉన్నాయి. మోకులు కోస్తే ఉండవూ మరి! రెండు పలకలూ జతగా సాన పట్టించాను. ముందు నా ముంజేతి మీద, తరవాత మా యజమాని సీతారామయ్య గారి తెల్లగుర్రం మెడ మీద పట్టి చూశాను. నున్నగా తెగింది. ఆస్పత్రి నుంచి మందు డబ్బా కూడా తెచ్చి మిషనుతో పాటు పంపుతున్నాను.

ఇక ఎంతటివాడు వచ్చి అడిగినా "లేదు, ఇవ్వను" అను. అద్దం ముందు నుంచుని నేర్చుకో. నీకు గుర్రం కావాలో, మంచివాడనే పేరు కావాలో తేల్చుకో.

పురుషోత్తం

తా.క. తెల్లగుర్రం సంగతి మా యజమానికి తెలియదు.

*

బందరు

మహారాజశ్రీ జకరయ్య గారికి పురుషోత్తం అనేక నమస్కారములు.

తమరు, తమ శ్రీమతి ఎలీసబెతు గారు, మాణిక్యం గారు కులాసా అని తలుస్తాను. తమ మిషను పంపిన పది రోజులకి తెల్లగుర్రం మెడ మీద తామర లేచింది. వచ్చే వారం సీతారామయ్య గారి అల్లుణ్ణి దాని మీదే ఊరేగించాలి. ఎలా వచ్చిందో కనుక్కోమని నన్నే పురమాయించారు. కొట్లో ఇంకో మిషను లేదు. మద్రాసు నుంచి రావటానికి నెల పడుతుంది. తమ మిషను నాలుగు రోజులు ఇప్పిస్తే నా ఉద్యోగం నిలుస్తుంది.

అడిగితే తమరు లేదనరు.

తమ విధేయుడు,
పురుషోత్తం

తా.క. నా ముంజెయ్యి కూడా దురద పెడుతోంది.

*

అవనిగడ్డ

పురుషోత్తం గారికి జకరయ్య దణ్ణాలు.

లేదు. ఇవ్వను.

ఇది రాయటానికి ఒక పూట పట్టింది. మొదటి కాగితం మీద "అలాగేనండి" అని రాశాను. ఎలీసబెతు చింపేసింది.

మాణిక్యానికి కుడిపక్క మెడా వీపూ అయ్యాయి. వెనకకాలు మిగిలింది. నిలబడలేక పడుకునే గొరిగించుకుంటోంది. దక్కుతుందో లేదో డాక్టరుగారు చెప్పటంలేదు. నేనూ అడగటంలేదు. దక్కకపోతే మిషను పంపిస్తాను, మీరే ఉంచేసుకోండి. ఇక నాకెందుకు?

కోపం తెచ్చుకోకండి. నేను ఒకరికి లేదనటం ఇదే మొదలు. అది మీకే అనాల్సొచ్చింది.

ఇట్లు,
జకరయ్య

తా.క. తెల్లగుర్రాన్ని రేవు దాటించి ఇక్కడికే తీసుకురండి. నేనే గొరుగుతాను. మీ చెయ్యి కూడా చూద్దాం. ముందు మాణిక్యం, తరవాత తెల్లగుర్రం, ఆ తరవాత మీరు.