దానమివ్వని చెప్పులు

నాయనా రమణా,

ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి రెండు నెలలు దాటింది. ఏడుద్దామని కూర్చుంటే కోపమే వస్తోంది... ఆ కోపంతోనే రాస్తున్నాను.

హూడిలో ఆ పెద్ద పెద్ద బిల్డింగుల్లో టైల్స్ పరిచేవాడివి. కొత్త నేలకు మరకలవుతాయని వట్టి కాళ్ళతోనే పని. షుగరుతో నీ పాదాలు మొద్దుబారాయి, ఏం గుచ్చుకున్నా తెలియదు, రోజూ అరికాళ్ళు తిప్పి చూసుకో అని డాక్టరమ్మ చెప్పలేదా? ఇంట్లో కూడా చెప్పులు విప్పొద్దనలేదా? నువ్వేమన్నావు... "ఇంట్లో దేవుడుండాడు కదమ్మా, ఎవురన్నా చెప్పులేసుకొని తిరుగుతారా?"

దేవుడు వచ్చి అడిగాడా నిన్ను?

టైలు పెంకు అరికాల్లో దిగబడితే నీకే తెలియలేదు. చాప మీద చీము చూసి నేను అరిస్తే నవ్వావు. "నొప్పే లేదు, ఊరికే ఎందుకు రచ్చ చేస్తావు? నువ్వెప్పుడు డాక్టరైతివి?" అన్నావు. నొప్పి లేదనే కదరా నేను అరిచింది! ముందు వేలు తీశారు. తర్వాత పాదం... తర్వాత నువ్వే లేవు.

నీ కర్మ మీ నాన్న చేశాడు. నువ్వు ఆయనకు చేయాల్సింది ఆయనతో చేయించుకున్నావు. నువ్వు పోయే దారి నిప్పులా కాలుతుందట, చెప్పులూ గొడుగూ దానమివ్వాలన్నారు అయ్యవారు. మీ మేనమామ తోపుడు బండి మీదవి ఏవో తెచ్చాడు. వేళ్ళ సందున పట్టీ, ముందు ఇరుకు. విసిరికొట్టాను. నేనే కాటన్‌పేటకు పోయి, లోపల చెయ్యి పెట్టి కుట్లు గుచ్చుకుంటాయేమో తడిమి తడిమి కొన్నాను. ముందు వెడల్పు, అడుగు మెత్తన, మడమకు పట్టీ. అదీ సాయంత్రం పూట... పాదాలు వాచే వేళకే కొనాలని డాక్టరమ్మ చెప్పిందని. చచ్చినవాడి పాదాలు వాస్తాయా? ఆ మాత్రం తెలివి కూడా లేకపోయింది నాకు.

కర్మ రోజున మీ నాన్న మఠం వేసుకుని కూర్చున్నాడు. అరికాలు కనబడింది. మడమ పగిలి రక్తం కారుతోంది. ఆయనకు తెలియనే తెలియదు. ఆయనకూ షుగరే కదా...

అయ్యవారి ముందున్న చెప్పులు లాగేసుకున్నాను. గొడుగు ఒక్కటే ఇచ్చాను. బిడ్డ అక్కడ కాళ్ళు కాల్చుకుంటాడే అని మీ మేనమామ ఏడ్చాడు. కాల్చుకోనీ అన్నాను!

ఆస్పత్రిలో కట్టు కట్టించి, పుండు మానినాక ఆయనకే తొడిగాను. మీ ఇద్దరిదీ ఒకటే సైజు. వంటింట్లోనూ వాటితోనే తిరుగుతున్నాడు. పొద్దున్నే ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని వేలు వేలూ విడదీసి చూస్తున్నాను. నీ కాళ్ళు ఎందుకు చూడనిచ్చావు కాదురా?

నువ్వు వట్టి కాళ్ళతోనే పో రమణా. తిట్టుకుంటే నన్ను తిట్టుకో... ఆయన్ను మాత్రం ఇప్పుడప్పుడే నీ దగ్గరికి పంపను.

మీ అమ్మ