సముద్రం తడపని పొగాకు

ఐసెలిన్, న్యూజెర్సీ
ఏప్రిల్ 27, 2025

చిరంజీవి హాసినికి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ నాన్నా కులాసా. ఆదివారం తెలుగు క్లాసులకి ఏడుస్తూ వెళ్ళేదానివి కదా, ఆ ఏడుపు ఇవాళ పనికొస్తుంది. నెమ్మదిగా చదువుకో.

నిన్న వర్జీనియాలో ఆ హాల్లో వెనక వరసలో కూర్చుని నీ ప్రసంగం విన్నప్పటినుంచి నా కాళ్ళు నేలమీద నిలవడం లేదు. ముందు వరస నిండా ఆ పాతకాలపు పొగాకు వర్తకుడి వంశం వాళ్ళే. రెండున్నర శతాబ్దాలుగా వాళ్ళింట్లో ఒకటే కథ: ఓడలోకి సముద్రపు నీళ్ళొచ్చి పీపాల్లో పొగాకు కుళ్ళింది, లండన్ బీమా వాళ్ళు పరిహారం ఎగ్గొట్టి మా ముత్తాతని ముంచారు అని. నీ పీహెచ్‌డీకి స్కాలర్‌షిప్ ఇవ్వాల్సిందీ వాళ్ళే. వాళ్ళ ఎదుటే నువ్వు, లండన్ రేవులో ఆ పీపాలు విప్పి చూసినవాళ్ళు రాసింది చదివావు. అంచుల్లో ఆకు బంగారంలా ఉంది, నడిమధ్య నల్లగా ఉడికిపోయింది. సముద్రమైతే బయటినుంచి లోపలికి వస్తుంది, ఇది తొందరపడి తడి ఆకు కట్టించడం వల్ల లోపల పుట్టిన చెడు, బీమా వాళ్ళది న్యాయమే అన్నావు.

ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచి, మా ముత్తాత అబద్ధమాడాడంటావా అని అడిగింది. నువ్వు ఆవిడవైపే తిరిగి, అవునండీ, ఆకు అదే చెబుతోంది అన్నావు.

స్కాలర్‌షిప్ టీ వేళకే ఇంకో అబ్బాయికి వెళ్ళిపోయింది. వడ్డించిన విస్తరిని కాలితో తన్నిందే అని పక్కనున్న రేణు ఆంటీ నొచ్చుకుంది. తన్నాల్సిన విస్తరైతే తన్నాల్సిందే అన్నాను. నువ్వు ఏడవకు. వేరే ఫండింగ్‌కి అప్లై చేద్దాం అంటున్నారు నాన్న. ఈ నిజాయితీ తన పోలికే అని కూడా అంటున్నారు, ఆయన్ని పట్టలేకపోతున్నాం.

ఉడికిన ఆకు సంగతి మా అమ్మ చెప్పింది అని అంతమందిలో నా పేరు చెప్పావు, నాకు కళ్ళు తిరిగినంత పనైంది. ఆకు నడుమే ఎందుకు నల్లబడుతుందని జనవరిలో నువ్వు ఫోన్‌లో అడగ్గానే ఠక్కున చెప్పాను కదా. అంత ష్యూర్‌గా నీకెలా తెలుసమ్మా అన్నావు. కుక్కర్ విజిలొచ్చిందని ఫోన్ పెట్టేశాను.

నిన్ను కన్నందుకు గర్వపడుతూ,
మీ అమ్మ
జ్ఞానప్రసూన

తా.క. ఆ రోజు పొయ్యిమీద కుక్కర్ లేదు. ఒంగోలు నుంచి తాతయ్య రష్యాకి పంపిన పొగాకు సరుకుని సముద్రం ముంచిందని నీకు చిన్నప్పుడు చెప్పానే, అది మా ఇంటి కథ. పాడైందని తిరిగొచ్చిన ఒక బేలుని కత్తిపెట్టి కోసింది నేనే. అంచులు బంగారం, నడుమ నలుపు. తాతయ్య నెపం సముద్రం మీదే నెట్టారు, బీమా వాళ్ళు నమ్మి సొమ్మిచ్చారు. ఆ సొమ్ముతోనే నేను ఎమ్మెస్ చదవడానికి ఈ దేశం వచ్చాను. నిన్న నువ్వు నిలబడ్డట్టు ఆనాడు మా ఇంట్లో ఎవరూ నిలబడలేదు. నేనూ నిలబడలేదు.