అంచు పైనున్న కంచె

నవంబరు 4, సోమవారం. ఉదయం 5.40

మాట ఇచ్చేశాను. ఇక వెనక్కి లేదు!

నిన్న జరిగింది ఇది. అచ్చంపేటకు ఆరు కిలోమీటర్ల దూరంలో, అడవి పక్కన, నా భార్య ప్రేమలత పేరున రెండెకరాల పల్లి చేను ఉంది. (ఆడవాళ్ల పేరున పట్టా ఉండాలని వాదించి సాధించింది నేను. వాళ్ల నాన్న పెట్టాడని ఆమె అంటుంది.) పక్క చేను కౌలుకు చేస్తున్న తిరుపతయ్య గట్టు వెంట కర్రలు పాతి, మోకాలెత్తున తీగ లాగుతున్నాడు. తీగ కొస మోటారు డబ్బా వైపు పోతోంది. అడవిపందులకు కరెంటు!

నలభై నిమిషాలు మాట్లాడాను. చట్టం చెప్పాను. రోజూ తెల్లారకముందే అదే గట్టు మీదుగా కూలికి పోయే జమ్ములమ్మ సంగతి చెప్పాను. పోయిన ఏడు ఇలాంటి తీగ తగిలి, ప్రేమలత నర్సుగా పనిచేసే దవాఖానకు ట్రాక్టర్ మీద వచ్చిన మనిషి సంగతీ చెప్పాను. తిరుపతయ్య కర్ర పాతుతూనే విన్నాడు.

"అయిందా సారూ? గిదంత పందులకు జెప్పు. అవి ఇంటే గిప్పుడే తీగ తీసేస్త. పోయిన యాసంగిల సగం చేను దున్నిపోయినయి. కౌలు సగమే తీసుకున్నరా మరి?"

న్యాయమైన ప్రశ్న. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"బజారులో ఇనుప జాలీ కొంటే అయ్యే ఖర్చులో సగానికే, పంది ముట్టెకు లొంగని తీగ కంచె నా చేతులతో అల్లి చూపిస్తాను. వాగు వైపు రెండు చేలకూ కలిపి మూడు వందల గజాలు. ముప్పై రోజులు!"

"డిసెంబరు మూడు దాక ఆగుత. నాలుగు నాడు స్విచ్చి ఏస్త."

నియమాలు రాసి గోడకు అంటించాను:

1. రోజుకు పది గజాలు అల్లాలి.
2. కాలేజీ నుంచి నేరుగా చేనుకు.
3. కంచె పూర్తయ్యేదాకా ఎవరితోనూ వాదన లేదు. చెయ్యి ఆడాలి, నోరు ఆగాలి.

ప్రేమలత చదివింది. "మూడోది కొట్టెయ్. మొదటి రెండన్నా నిలుస్తయి," అంది.

అది నిజం కాదని ఆమెకు వివరించడానికి ముప్పావుగంట పట్టింది.

నవంబరు 5

అల్లలేదు. నమూనా గీశాను. నమూనా లేకుండా అల్లడం గుడ్డి పని.

పదకొండు బొమ్మలు. పదకొండోది అద్భుతం! పాతిన రాతి కడీల మధ్య ఆరు అడ్డం తీగలు. వాటిలోంచి జానెడుకొక నిలువు తీగ, ఒకదాని పైనుంచి, మరోదాని కిందినుంచి. పై తీగ, కింది తీగ అనే తేడా లేదు. అన్ని గళ్లూ సమానం. మార్కెట్లో దొరికే ఏ జాలీ చూడండి, ఒక చోట దట్టం, ఒక చోట పల్చన. కంచెలో కూడా అసమానత! ఎవరూ ప్రశ్నించరు.

నేను ప్రశ్నించాను. "అన్ని గళ్లూ సమానమే" అని కరపత్రం మొదలుపెట్టాను. పద్నాలుగు పేజీలు.

నవంబరు 8. రాత్రి భోజనానికి ముందు

నాగర్‌కర్నూల్‌లో తీగ కొన్నాను. దుకాణం ఆయన ఏ గేజు కావాలన్నాడు. గేజు నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడటం ఏమిటని అడిగాను. ఎవరు పెట్టారు ఈ లెక్క? జనం అయోమయంలో ఉండాలనే కదా?

"సార్, నేను తీగ అమ్మెటోన్ని," అన్నాడు.

రెండున్నర గంటలు. ఆఖరి బస్సు పోయింది.

ఇది వాదన కాదు, విచారణ. నియమం చెక్కుచెదరలేదు.

నవంబరు 10, ఆదివారం

మొదటి అల్లిక! ఉదయం ఆరుకు మొదలు. కటింగ్ ప్లయర్, తీగ, నేను.

7.15: ఒక గజం!
8.30: ఒకటిన్నర.
8.40: తీగ బిగించాను. మూల కడీ నా వైపు ఒరిగింది.
8.41: పడింది. కాలు పక్కకు లాగాను కాబట్టి బతికాను.

లాగే బలమంతా మూల మీదే పడుతుందట. దానికి లోపలి నుంచి ఏటవాలుగా ఇంకో రాయి ఆసరా పెట్టాలట. గట్టు మీద ఆగి చూస్తున్న జమ్ములమ్మ చెప్పింది. "పందిట్ల గుంజకు పెట్టమా సారూ? గట్లనే."

నాకు తెలుసు. నమూనాలో గీయలేదు, అంతే.

మొత్తం: ఒకటిన్నర గజం. వేళ్లకు పట్టీలు: నాలుగు.

నవంబరు 13

ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అసలు ఏ గొప్ప పని ఒక్కడి వల్ల అయింది?

గద్వాలకు ఫోన్ చేశాను. రాఘవేంద్ర, మగ్గం మీద పట్టుచీరలు నేసే మనిషి. ఇరవై ఏళ్ల కింద చేనేత ధర్నాలో పరిచయం. నా ఉపన్యాసం చివరిదాకా విన్న ఒకే ఒక్కడు. (తన దగ్గర మైకు పెట్టె తాళం ఉండటం వల్ల ఆగానని తర్వాత చెప్పాడు.)

"తీగ గూడ నూలే గదన్నా. జర మొండిది. వస్త," అన్నాడు.

నవంబరు 15

వచ్చాడు! ఉదయం టీ తాగి, "పడుగు తోడాలె, జాగ సూపియ్," అన్నాడు. గద్వాలలో వీధి పొడుగునా దారాలు చాపి సరిచేస్తారు. ఆయనకు పడుగంటే వీధే. మా గేటు నుంచి వీధి చివరి కరెంటు స్తంభం దాకా ఆరు తీగలు లాగి కట్టాడు.

పాలబండి ఆగింది. గ్యాస్ ఆటో ఆగింది. స్కూలు బస్సు వెనక్కి పోయింది. వీధి మూడు గంటలు బంద్.

"గద్వాలల ఎవరు గూడ ఏమనరు," అన్నాడు రాఘవేంద్ర ఆశ్చర్యంగా. "దారం కిందికెంచి వంగి పోతరు."

గ్యాస్ ఆటో వంగదు. వీధి ఎవరిది, శ్రమది కాదా అని నేను మాట్లాడాల్సి వచ్చింది. మూడో నియమం అత్యవసర పరిస్థితికి వర్తించదు.

నవంబరు 17, ఆదివారం

నలభై గజాలు! మూడు రోజుల్లో! (నా ఒకటిన్నర గజం విప్పేసి మళ్లీ నేశాడు.)

ఒక చిన్న విభేదం వచ్చింది. కంచె ఒళ్లంతా నా నమూనా ప్రకారమే నేశాడు, సమానమైన గళ్లు. కానీ ఒక పక్కన జానెడు వెడల్పున అంచు వేశాడు! తీగలు వేలెడు వేలెడు దూరంలో, ప్రతి కలయిక దగ్గరా మెలిపెట్టి ముడి.

"అంచెందుకు?"

"అంచు లేకుంట ఎట్ల దించుత మగ్గం మీదికెంచి? గద్వాల పేరు పోదా? ఒంటిని, అంచును వరుస వరుసకు మెలేసి కలుపుడే మా పని. తెగదు సూడు."

"పైన ఉన్నవాళ్లకు ప్రత్యేక అంచా? ఇది నేను ఒప్పుకోను!"

రెండు గంటలు. చివరికి రాజీ: ఒళ్లు నా సిద్ధాంతం ప్రకారం, అంచు ఆయన పరువు ప్రకారం. అంచు పై వైపుకే. "దారిన పోయెటోళ్లకు కనబడాలె గదన్నా."

పెండ్లిళ్ల సీజన్, చీరల ఆర్డర్లున్నాయని సాయంత్రం బస్సుకు గద్వాల వెళ్లిపోయాడు.

నవంబరు 19

పందులు వాగు దాటి వచ్చే చోటే నలభై గజాలూ నిలబెట్టాం. ఎండలో పై అంచు మెరుస్తోంది. జనం వచ్చి ఫొటోలు దిగారు. తిరుపతయ్య కూడా చేత్తో నిమిరి చూశాడు.

"కొంగు ఎటు దిక్కుంది సారూ?"

ఎగతాళి. సమాధానం చెప్పలేదు. నియమం!

కరపత్రం వెయ్యి కాపీలు అచ్చుకు ఇచ్చాను.

నవంబరు 20. ఉదయం 6.10

గిట్టల జాడలు. లోపల!

జానెడు గళ్లలోంచి పిల్లలు దూరిపోయాయి. తల్లి ముట్టె పెట్టి కింది తీగను ఎత్తింది. ముడి లేని అల్లిక కదా, తీగలు పక్కకు జరిగిపోయాయి. మూడు సాళ్లు దున్నేశాయి. పై అంచు మాత్రం చెక్కుచెదరలేదు. తళతళలాడుతోంది.

తిరుపతయ్య నవ్వలేదు. నవ్వితే బాగుండేది. పీకేసిన పల్లి మొక్కలు ఏరి, ఊరిన కాయలు ఎన్నున్నాయో చూసుకుంటున్నాడు.

నవంబరు 22

కాలేజీలో పరీక్షల డ్యూటీ. కంచె: 0.

నవంబరు 24, ఆదివారం

వనపర్తిలో సభ. అంశం: "రైతు, అడవి, కంచె." వక్తను నేనే. పోకుండా ఎలా? గంటా యాభై నిమిషాలు మాట్లాడాను. చవకైన, దృఢమైన కంచె ఎలా అల్లాలో బొమ్మ గీసి మరీ చూపించాను. చప్పట్లు!

ఒక ముసలి రైతు లేచి, "మీ కంచె ఎన్ని గజాలయింది సార్?" అన్నాడు.

సమయం ముగిసిందని అధ్యక్షుడు ప్రకటించాడు. మంచి అధ్యక్షుడు.

నవంబరు 27

పన్నెండు గజాలు అల్లాను, ఐదు సాయంత్రాల్లో. రాఘవేంద్ర నేర్పిన అంచుతో సహా. బొటనవేలు వాచింది. ప్రేమలత కట్టుకట్టింది.

"తిరుపతయ్య మోటారు కాడ ఉన్నడు, చూసిన," అంది. "వైరు అతుకుతున్నడు. మాట్లాడతవా?"

"మాట్లాడను. నియమం."

"ఇన్నేండ్లల్ల మాట్లాడాల్సిన దినం ఇదొక్కటి. ఇయ్యాల్నే యాదికొచ్చెనా నియమం?"

నవంబరు 28

కరపత్రాలు అచ్చయి వచ్చాయి.

నవంబరు 29

...

డిసెంబరు 1, ఆదివారం

మొత్తం యాభై రెండు గజాలు. మిగిలింది రెండు వందల నలభై ఎనిమిది. రెండు రోజులు.

ముప్పై రోజులంటే క్యాలెండరు రోజులా, పనిదినాలా? ఇది చర్చించాల్సిన విషయమే. ఆదివారాలు, పరీక్షలు, సభ, వేలు వాపు తీసేస్తే నాకు జనవరి దాకా గడువుంది. ఇదే తిరుపతయ్యతో అన్నాను.

"పందులకు క్యాలెండరు ఇచ్చినవా సారూ?" అన్నాడు.

డిసెంబరు 2. ఉదయం 6.00

జమ్ములమ్మ గట్టు మీదుగా రాలేదు. వాగులోకి దిగి, మోకాళ్ల దాకా చీర తడుపుకుని, చుట్టు తిరిగి వచ్చింది.

"గట్టుంది కదా జమ్ములమ్మా?"

"ఎల్లుండి సంది గిట్లనే తిరిగి పోవాలె గద సారూ. ఇయ్యాల్నే అలవాటు జేసుకుంటున్న."

చేతిలోని తీగ కింద పెట్టాను.

ఆమె కంచె ముందు నిలబడి చీర కుచ్చిళ్లు పిండుకుంది. పై అంచు చూసింది. తన చీర కింది అంచు చూసింది.

"గింత గట్టి అంచు మీదికెందుకు వెట్టిన్రు? నేలకు రాసుకునే కాడ గద ఉండాలె. తలకిందులు జెయ్యుండ్రి."

అది అంత సులువు కాదని చెప్పబోయాను. సమానత్వ సిద్ధాంతం గురించి ఒక వాక్యం కూడా మొదలుపెట్టాను. రెండో వాక్యం రాలేదు.

కింద ఉన్నవాళ్లకు ఎక్కువ ఇవ్వాలని ముప్పై ఏళ్లుగా రాస్తున్నది నేనే. ధర్నాల్లో, సభల్లో, పేపర్లకు ఉత్తరాల్లో. ఒక్క కంచె అల్లమంటే అందరికీ జానెడు జానెడు పంచి, మిగిలింది పైవాడికి అంచు వేశాను!

గద్వాలకు ఫోన్ చేశాను.

"చీరకైతే రెండు దిక్కుల నేస్తనన్నా," అన్నాడు రాఘవేంద్ర. "తీగ సాలలేదని ఒక్క దిక్కే ఏసిన. మనుషులు సూసే దిక్కు వెట్టిన. పందులకు నేసుడు నాకేం ఎరుక?"

మధ్యాహ్నం 2.00. ప్రేమలత సెలవు పెట్టి వచ్చింది. కడీల కట్లు విప్పాం, తిప్పాం. ఒక కొస ఆమె, ఒక కొస జమ్ములమ్మ. మధ్యలో నేను, ఎవరు ఎటు తిప్పాలో చెబుతూ. చూడటానికి వచ్చిన తిరుపతయ్య కాసేపు ఓర్చుకున్నాడు.

"జర పక్కకు జరుగు సారూ," అని నా చోట నిలబడి ఆయన పట్టుకున్నాడు.

డిసెంబరు 3. ఉదయం 6.05

ఆఖరి రోజు. నలుగురం పోయి చూశాం.

కంచె బయట యాభై రెండు గజాల పొడుగునా ముట్టె గుర్తులు. ఎన్నిచోట్ల పొడిచాయో! కింది అంచు రెండు చోట్ల లోపలికి ఉబ్బింది. ఒక్క ముడి ఊడలేదు. ఒక్క పిల్ల దూరలేదు.

గెలిచాం! చెయ్యెత్తి అరిచాను!

తర్వాత జాడల వెంట నడిచాం. యాభై రెండో గజం దగ్గర కంచె అయిపోయింది. అక్కడ పందులు మర్యాదగా, వరుసగా, మలుపు తిరిగి లోపలికి పోయాయి.

తిరుపతయ్య వెనక్కి వచ్చాడు. కంచెను కాలితో తన్ని చూశాడు. వంగి అంచు ముడి గోటితో గీకాడు. లేచి మోటారు డబ్బా వైపు నడిచాడు. జమ్ములమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కరెంటు కోసం లాగిన తీగ మొత్తం విప్పి, చుట్ట చుట్టి, భుజాన వేసుకుని వచ్చాడు. నా కాళ్ల దగ్గర ధన్‌మని పడేశాడు.

"గట్టిదే సారూ. పొట్టిగుంది. దీన్ని గూడ అల్లు. అయ్యేదాక రాత్రి కావలి నేనుంట."

"తిరుపతయ్యా, నేను మొదటి రోజే చెప్పాను కదా, శాస్త్రీయంగా ఆలోచిస్తే..."

"ఒక్కటే షరతు," అన్నాడు. "గట్ల మొదలువెట్టినవనుకో, తీగ మల్ల మోటారు కాడికే పోతది."

ప్రేమలత ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది. పెండ్లయిన ఇన్నేళ్లలో ఆమె ముఖంలో అంత సంతోషం చూడలేదు.

డిసెంబరు 4, బుధవారం. ఉదయం 5.40

కొత్త కాగితం. గోడకు అంటించాను. (పాతది తీసి, కరపత్రాలతో పాటు ప్రేమలతకు ఇచ్చాను. పల్లీలు వేయించి పొట్లాలు కడుతుంది. ఒక్కో పొట్లం మీద "అన్ని గళ్లూ సమానమే.")

1. రోజుకు పది గజాలు. అంచు కిందికి.
2. కాలేజీ నుంచి నేరుగా చేనుకు.
3. వాదన లేదు. ఈసారి నిజంగా.

5.55: చేను. చలి. మసక వెలుతురు.

6.00: జమ్ములమ్మ వచ్చింది. గట్టు మీదుగానే. కాళ్ల కింద ఏముందో చూసుకోకుండా, నెత్తిన సద్దిమూటతో, ఎవరినో తిట్టుకుంటూ. నా దగ్గర ఆగి నిన్నటి అల్లిక చూసింది.

"కింది తీగ ఇంకో రెండు వేళ్లు దిగాలె సారూ. భూమికి ఆనాలె."

నేను వాదించలేదు.

6.10: రెండు వేళ్లు ఎక్కువ. ఒక వేలు చాలు. ఎందుకో ఆమెకు వివరించాలి.