పీపాల మీద రాసిన పేరు

జార్జ్‌టౌన్, కేమన్ దీవులు,
సెప్టెంబరు 4

జమైకాలోని మా ఇంటిపై సర్వాధికారాలూ గల వారి సముఖానికి ఎవరాల్డ్ సవినయంగా నివేదించుకునేది: నేను క్షేమం.

అమ్మా, నా కూతురు పుటస్‌కు ఇక్కడ చదువుకునే అనుమతి రాలేదు. తప్పు పూర్తిగా నాది. దరఖాస్తులో పేరు పుటస్ అని రాసి, నువ్వు పంపిన జనన పత్రాన్ని చదవకుండా జతచేశాను. అందులో రోజ్‌మండ్ ఐసిల్డా అని ఉందట. పాపకు నీ పేరు కూడా పెట్టారని నాకు అనుమతుల ఆఫీసు కిటికీ దగ్గరే తెలిసింది.

"పుటస్ అనే పిల్ల ఎక్కడా పుట్టలేదే. నువ్వు తండ్రివా నాయనా, పక్కింటివాడివా?" అంది గుమాస్తా.

"ఊరంతా అలాగే పిలుస్తుందండీ."

"అయితే ఊరినే బళ్లో వెయ్యి."

ఏడేళ్లుగా బట్టలూ బియ్యమూ నింపి ఓడలో ఇంటికి పంపిన ప్రతి పీపా మీదా పుటస్ అనే రాశాను. అన్నీ చేరాయి కనుక దరఖాస్తు కూడా చేరుతుందనుకున్నాను. రోజూ ముప్ఫైమంది పరాయి పిల్లల పూర్తి పేర్లు తడబడకుండా పిలిచే పంతులుని నేను. ఈలోగా బడిలో సీటు పోయింది. ఇక వచ్చే సెప్టెంబరే. కొన్న యూనిఫాం అప్పటికి పొట్టి అవుతుంది.

వంటింటి రేకు వేయించావా? డార్కస్ పిన్నికి నమస్కారాలు.

ఇందుమూలంగా దాఖలు చేసుకుంటున్న కోరికలు:

1. పాప తన పూర్తి పేరును స్వహస్తాలతో కార్డు మీద రాసి పంపవలెను.

2. ఆ పేరుతో నేను పిలిస్తే పలుకుతుందో లేదో, పాపనే అడిగి తెలియజేయవలెను.