అత్తను దాటని తొమ్మిది

తార్నాక,
సెప్టెంబరు నెలాఖరు, 2011.

అమ్మకు,

ప్రభువు పేరిట వందనాలు. నేనిక్కడ కులాసా. ఇదివరకటి కన్నా రెండు ముద్దలు ఎక్కువే తింటున్నాను. నువ్వూ నాన్నా ఆయన కృపలో బాగున్నారనీ, తమ్ముడు బెన్నీ జలుబు తగ్గిందనీ తలుస్తాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా, ఈ ఉత్తరమేమిటంటావు. ఫోన్లో నువ్వు నన్ను మొదటి మాట పూర్తి చెయ్యనిస్తే కదా! "జాగ్రత్తే, జాగ్రత్తే" అంటూ ఏడుపు మొదలుపెడతావు. కాగితం మీదైతే నా మాటకు అడ్డు రాలేవు. స్త్రీల కూడికలో నా కోసం ప్రార్థన పెట్టించావట, బెన్నీ చెప్పాడు. "కర్ఫ్యూలో చిక్కుకున్న నా బిడ్డ" అన్నావట! కర్ఫ్యూ లేదు, నేను ఎక్కడా చిక్కుకోలేదు. వచ్చేవారం కూడికలో ఆ మాట కాస్త దిద్దు.

నీ ప్రశ్నలకు జవాబులు రాస్తున్నాను. కళ్ళు మండుతున్నాయా అన్నావు. యూనివర్సిటీ దగ్గర పోలీసులు బాష్పవాయువు వదిలి, గాలి ఇటు వీచినప్పుడు మండుతాయి. తడి రుమాలు కట్టుకుంటాం, కిటికీలు మూసేస్తాం, కాసేపటికి సర్దుకుంటుంది. ఆంధ్రా పిల్లవని ఎవరైనా ఏమైనా అన్నారా అన్నావు. కూరగాయల బండి దగ్గర ఒకాయన నా మాట విని, "మీరెప్పుడు పోతరమ్మా?" అన్నాడు. కోపంగా కాదు, బస్సు ఎప్పుడని అడిగినట్టే అడిగాడు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు. నీ దగ్గర దాచడమెందుకు?

ఇక నీ చివరి ప్రశ్న. బాపట్ల స్కూల్లో సోమవారం చేరతానని కరస్పాండెంటుగారికి నువ్వు మాటిచ్చావు, ఏ బండికి వస్తున్నావని అడిగావు. బస్సులు లేవు, రైళ్ళ సంగతి చెప్పలేం, కానీ అసలు జవాబు అది కాదు. ముందు నిన్న జరిగింది చదువు. చివరికి దూకకు, నీ అలవాటు నాకు తెలుసు.

అమ్మా, నిన్న నా జన్మలో మరిచిపోలేని క్లాసు చెప్పాను! నడిరోడ్డు మీద!

తెలంగాణ కోసం ఈ సమ్మె మొదలైన దగ్గర్నుంచీ స్కూలు తెరిచే రోజు కన్నా మూసే రోజే ఎక్కువ. బొగ్గుగనుల వాళ్ళు కూడా సమ్మెలో ఉన్నారు కాబట్టి కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదు. కంప్యూటర్లన్నీ ముసుగులు కప్పుకుని కూర్చున్నాయి. నా పదో తరగతి పిల్లలు ఊరుకుంటారా? రోజూ యూనివర్సిటీలో చెట్ల కింద చేరి నన్ను పిలిపించారు. కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ క్లాసేమిటని నాన్న నవ్వుతారు. యంత్రం చేసే పనిని మనుషులతో చేయించి చూపిస్తే పిల్లలకు ఇంకా బాగా ఎక్కుతుంది నాన్నా, నా మాట నమ్మండి.

కానీ మా హెడ్మాస్టరు శశిభూషణ్ గారు ఒక మాట తేల్చేశారు. మంచాయనే, కాకపోతే పదో తరగతి రిజల్టంటే ప్రాణం. రోజులు పోయాయి కాబట్టి దసరా తర్వాత కంప్యూటర్ పీరియడ్ తీసేసి లెక్కలకిస్తారట. నేను బతిమాలితే, "తల్లిదండ్రులొచ్చి కావాలని అడగనివ్వండి, చూద్దాం" అన్నారు. నన్ను వదిలించుకోవడానికే. మా పిల్లలుండే మాణికేశ్వర్ నగర్ బస్తీలో తల్లులు పొద్దున్నే పనుల్లోకి పోతే చీకటి పడ్డాక వస్తారు, వాళ్ళు స్కూలుకొచ్చి కంప్యూటర్ గురించి ఎప్పుడడుగుతారు? ఆ విసుగులోనే నీకు ఫోన్లో బాపట్ల వస్తానన్నాను, శశిభూషణ్ గారికీ వెళ్ళిపోతానని చెప్పేశాను. పిల్లలకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

నిన్న తార్నాక చౌరస్తాలో వంటా వార్పు. అంటే రోడ్డు ఆపేసి, అక్కడే పొయ్యిలు పెట్టి, వండుకుని అక్కడే కూర్చుని తినడం. ఇక్కడి నిరసన అలా ఉంటుంది. మొన్న సాయంత్రం నా క్లాసు లీడరు బాలలక్ష్మి పరుగెత్తుకొచ్చింది.

"మేడం, రేపు అందరి అమ్మలు గాడనే ఉంటరు. క్లాసు గాడనే పెడ్దాం! సారు కూడా తినెతందుకు వస్తడు."

ఎంత బుర్ర చూడు దానికి! రాత్రంతా నాకు నిద్ర పడితే ఒట్టు.

వెళ్ళేసరికి రోడ్డంతా పొగ, బగారన్నం వాసన, యూనివర్సిటీ పిల్లల డప్పులు. మా వాళ్ళు అట్టముక్కల మీద అంకెలు రాసుకొచ్చారు. వరుసగా నిలబడ్డారు. ఆట నియమం ఒక్కటే. పక్కపక్కనున్న ఇద్దరు అంకెలు చూసుకోవాలి. పెద్ద అంకె వెనకుంటే ముందుకు జరగాలి, చిన్నది వెనక్కి. జరగాల్సిన వాళ్ళెవరూ మిగలనప్పుడు ఆగిపోవాలి. మొత్తం వరుసను చూసి సర్దే పెద్దమనిషి ఎవరూ అక్కర్లేదు, వరుస దానంతటదే కుదురుతుంది. కంప్యూటర్ చేసేదీ ఇదే. పిల్లలు గబగబా జరిగి కుదురుకునేసరికి జనం చప్పట్లు కొట్టారు. శశిభూషణ్ గారు విస్తరాకు పట్టుకుని ఒక పక్కన చూస్తున్నారు.

అప్పుడు బాలలక్ష్మి వాళ్ళమ్మ లింగమ్మ గరిటె పక్కనపెట్టి, "మేం కూడా ఆడ్తం, తేండ్రి" అంది. ఆడవాళ్ళంతా కొంగులు బిగించి దిగారు. నవ్వులే నవ్వులు! జరిగారు, జరిగారు, ఆగారు. చూస్తే వరుస తప్పు!

"మేడం, ప్రోగ్రాం ఖరాబైంది" అన్నారు పిల్లలు. నేను చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. వాళ్ళే పట్టుకోవాలి కదా! బాలలక్ష్మి ముందు నుంచి ఒక్కొక్క జంట దగ్గర ఆగి అట్టలు చూసుకుంటూ వచ్చింది. సగం దాటాక గట్టిగా అరిచింది.

"గీడ ఉన్నది తప్పు! అమ్మది నాలుగు, వదినది తొమ్మిది. వదినా, ముందటికి ఎందుకు పోలే?"

ఆ కోడలు పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అత్తమ్మను దాటి ఎట్ల పోతా?" అంది.

అమ్మా, రోడ్డు రోడ్డంతా విరగబడి నవ్వింది. బాలలక్ష్మి నవ్వలేదు. నా వైపు తిరిగి, "మేడం, ప్రోగ్రాం మంచిగనే ఉన్నది. అంకెలనే చూడాలె, మనుషులను చూడొద్దని మనం మొదాల చెప్పలే" అంది. ఇన్నేళ్ళలో ఏ పుస్తకం చదివీ నేనింత సూటిగా చెప్పలేకపోయాను. ఆనందం పట్టలేక దాన్ని గట్టిగా వాటేసుకున్నాను.

"అంకెల కాడ అత్తేంది, కోడలేంది! నడువు ముందటికి" అంటూ లింగమ్మ కోడల్ని భుజం పట్టి నెట్టింది. వరుస కుదిరింది. డప్పులు మోగాయి. లింగమ్మ సరాసరి శశిభూషణ్ గారి దగ్గరికి వెళ్ళింది.

"గింత మంచి సదువు బందు పెడ్తరా సారూ? మా పిల్లకు గిది కావాలె." వెనకాల మిగతా తల్లులు కూడా "మాకు కావాలె" అన్నారు.

ఆయన విస్తరాకు కింద పెట్టారు. "పీరియడ్ ఉంచుతానమ్మా, దానికేం. కానీ చెప్పేవాళ్ళేరీ? మేడం సోమవారం బాపట్ల వెళ్ళిపోతున్నారుగా" అన్నారు.

డప్పులు ఆగిపోయాయి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నిజమా మేడం?" అంది బాలలక్ష్మి. "మరి మాకెందుకు చెప్పలే?"

మాణికేశ్వర్ నగర్ అంతా నా ముఖమే చూస్తోంది. నా నోట్లోంచి ఒక్క మాట వచ్చింది. "పోను" అన్నాను. "దసరా తర్వాత కూడా నేనే చెబుతాను" అన్నాను. పిల్లలు చేసిన గోల నీకు చీరాలలో వినపడి ఉండాలి.

ఇంతసేపూ ఆపి ఉంచింది ఇదేనమ్మా. నిన్ను అడక్కుండా, నాన్నకు చెప్పకుండా, అందరి ముందూ మాట ఇచ్చేశాను. అందరికన్నా ఆఖరున నీకు చెబుతున్నాను. నా వల్ల కరస్పాండెంటుగారి దగ్గర నీ మాట పోయింది. ఆయనకు నేనే రాస్తాను, నీ తప్పేమీ లేదని. నీకు కోపం వస్తుంది, రావాలి కూడా. అయినా అబద్ధం రాయలేను. నిన్నటి నుంచీ నాకు సంతోషంతో కాలు నేల మీద నిలవడం లేదు.

భయం లేదని కాదు. రేపు రాష్ట్రం ఏమవుతుందో, మనలాంటి వాళ్ళ సంగతేమిటో నాకూ తెలియదు. తినేటప్పుడు ఆ ఆలోచనే ముఖంలో కనిపించిందేమో, లింగమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"ముఖం గట్ల పెట్టినవేంది బిడ్డా?"

"మా అమ్మకు ఏమని రాయాలో తెలియడం లేదమ్మా. ఇక్కడ నాకెవరూ లేరని ఆమెకు బెంగ" అన్నాను.

ఆమె నా విస్తట్లో ఇంకో గరిటె అన్నం వేసింది. "ఎవ్వరు లేకపోవుడేంది? నా పేరు రాయి. మాణికేశ్వర్ నగర్ల లింగమ్మ ఉన్నదని రాయి. గంతే. తల్లి గదా, ఆమెకు సమజైతది."

అందుకే రాస్తున్నానమ్మా. ఇక్కడ లింగమ్మ ఉంది.

ఇట్లు,
నీ కూతురు
ఎవాంజెలిన్