అల్లుడుగారు పెంచిన ఫ్రేములు

మార్చి 3, మంగళవారం

అల్లుడుగారు మళ్ళీ వచ్చారు. చేతిలో పెన్‌డ్రైవ్. ఇది అచ్చంగా గేమింగ్ కోసమే చేసిన లినక్స్ అత్తయ్యగారూ, మీ కంప్యూటర్లో ఉన్నది తీసేసి ఇదెక్కిస్తే ఆటలో సెకనుకి కనిపించే ఫ్రేములు ఇరవై శాతం పెరుగుతాయి అన్నారు. నెల రోజుల్లో ఇది మూడోది. ఉన్నది బాగానే ఉంది బాబూ అన్నాను. వింటేగా! సొంత కొడుకైతే వీపు విమానం మోత మోగేది. అల్లుడాయె. కాఫీ ఇచ్చాను.

మార్చి 4

స్క్రీన్ నిండా ఎర్ర మంటలు, మధ్యలో డ్రాగన్. అందం బాగానే ఉంది. కార్ రేసు ఆడే నా స్టీరింగ్‌ని మాత్రం గుర్తుపట్టడం లేదు.

మార్చి 7, శనివారం, సాయంత్రం 5:40

రేసు లేదు.

అమ్మ జబ్బుపడ్డప్పుడు ఎవరెక్కువ చేశారన్న గొడవతో చెల్లెలూ నేనూ తొమ్మిదేళ్ళు మాట్లాడుకోలేదు. జనవరి నుంచి శనివారం ఐదింటికి ఆన్‌లైన్లో కార్ రేస్ ఆడుతున్నాం. క్షేమసమాచారాలు అడగడం ఇద్దరికీ చేతకాదు. గుద్దుకుంటాం, తిట్టుకుంటాం. అంతే. ఇవాళ అరగంట చూసి, నీకెప్పుడూ ఏదో ఒక సాకు అని మెసేజ్ పెట్టి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మార్చి 8

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

మార్చి 10, ఉదయం 11

ముప్పై ఒక్క ఏళ్ళు ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేశాను. ఒక్క రీడింగ్ చూసి ఏనాడూ రిపోర్ట్ రాయలేదు. అల్లుడుగారిని పిలిచి, నా మామూలు లినక్స్ వేరే డిస్క్‌లోకి ఎక్కించమన్నాను. స్టీరింగ్ వెంటనే పలికింది. అదే ట్రాక్, అదే కారు, అవే సెట్టింగ్స్. ఆట తనంతట తాను నడిపే టెస్ట్ రేసు, ఒక్కోదాని మీద మూడుసార్లు.

మామూలుది: 58, 59, 58.
గేమింగ్‌ది: 59, 58, 60.

చూశారా, పెరిగింది అన్నారు!

నాకు ఒళ్ళు మండింది. ఆ ఒక్క ఫ్రేము తీసుకెళ్ళి మీ ఫొటోకి కట్టించుకోండి అనేశాను. ఏదీ సెట్ చేసుకోవడం రానివాళ్ళకి అన్నీ సర్ది ఇస్తుందేమో, స్పీడు మాత్రం తేదు, మీ వల్ల నా చెల్లెలు మళ్ళీ దూరమైంది అని కూడా అన్నాను. నోరు జారింది. ఆయన అల్లుడైన ఆరేళ్ళలో మొదటిసారి.

 ఆయన మెల్లగా చెప్పారు. నాతో మీరు మాట్లాడేవి మూడే అత్తయ్యగారూ... రండి, తినండి, వెళ్ళొస్తారా. కంప్యూటర్ ముందు కూర్చుంటేనే నాలుగు మాటలంటారు. అందుకే ఏదో ఒకటి పట్టుకొస్తున్నా.

 ఇవాళ కాఫీ ఇవ్వడమే మర్చిపోయాను.

మార్చి 12

చెల్లెలు ఫోన్ చేసింది. మీ అల్లుడు నాకు గంటసేపు ఫోన్లో క్షమాపణ చెప్పాడే, తప్పంతా నాదే చిన్నత్తయ్యగారూ అంటాడు, చివరికి నాకూ ఆ డ్రాగన్ ఎక్కిస్తానన్నాడు అంది. వద్దని చెప్పు అని అరిచాను. నవ్వింది.

మార్చి 14, శనివారం

ముగ్గురం ఆడాం. వాళ్ళిద్దరూ ఒక్కటై నన్ను గోడకేసి గుద్దారు. అల్లుణ్ణి ఒరేయ్ అన్నాను.