ఇంగ్లీషు పరీక్షలో వేరొక పేరా కోరుతూ

కంచరపాలెం, విశాఖపట్నం.
1985 ఆగస్టు, గురువారం.

మహారాజశ్రీ పర్సనెల్ ఆఫీసరు గారికి,
సీతాకొండ స్టీవెడోరింగ్ కంపెనీ, హార్బరు ఆఫీసు.

అయ్యా,

విషయం: మరణించిన కళాసీ కుటుంబమునకు ఇచ్చు ఉద్యోగము నిమిత్తం జరుపు ఇంగ్లీషు పరీక్ష - పేరా చదివి జవాబులు వ్రాయు భాగమునకు వేరొక పేరా ఇప్పించుట గురించి.

కీర్తిశేషులు కోరాడ పైడయ్య గారి పెద్ద కుమార్తెనగు కోరాడ గౌరీశ్వరి అను నేను తమ సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా తండ్రి తమ కంపెనీలో ఓడల మీది సరుకు దింపు కళాసీగా పనిచేయుచు, కిందటి కార్తీకమాసంలో, ఉక్కు ఫ్యాక్టరీకి వచ్చిన యంత్రాల పెట్టె మీదపడి ఓడ అడుగుగదిలోనే మరణించినారు. ఆయన బదులు మా ఇంటిలో ఒకరికి ఆఫీసు అసిస్టెంటు ఉద్యోగము ఇచ్చుటకు తమరు దయతో అంగీకరించినారు. పదవ తరగతి ప్యాసైనది నేనొక్కతెనే గనుక నా పేరు తీసుకొన్నారు. పద్మనాభం దగ్గరి మా ఊరి నుంచి వచ్చిన మా కుటుంబంలో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే.

2. మా అమ్మ కాశమ్మ ఇప్పుడు హార్బరు అవతల ఖనిజం గుట్టల దగ్గర గంప మోయుచున్నది. ఆమె దగ్గితే కొంగు మీద ఎర్రమట్టి పడుతున్నది. మట్టో రక్తమో చూడనివ్వదు. ఆమెను ఆ పని మాన్పించుట తప్ప ఈ ఉద్యోగముతో నాకు వేరే ఆశ లేదు.

3. నేను తెలుగు మీడియంలో చదివినదానను. అందుచేత పరీక్ష కొరకు మా వీధిలోని రిటైర్డు హెడ్మాస్టరు రమణమూర్తి గారి దగ్గర రోజూ సాయంత్రం ఇంగ్లీషు సాధన చేసినాను. మాటలకు అర్థాలు, వాటితో సొంతవాక్యాలు, వాక్యాలను ఒక రూపం నుంచి మరొక రూపంలోకి మార్చడం. చదవడానికి పుస్తకాలు లేక, పకోడీల బండివాడి దగ్గర నూనె అంటని ఇంగ్లీషు పేపరు ముక్కలు అడిగి తెచ్చుకొనేదాన్ని. పేరా చదివి జవాబులు రాయడంలో నాకు మొదట తప్పులు వచ్చేవి. మాస్టారు కోప్పడేవారు. "నీకు తెలిసినది కాదు తల్లీ, పేరాలో ఉన్నది రాయాలి. పేరాలో ఏనుగు ఎగిరిందని ఉంటే ఎగిరిందనే రాయి. అది నీ సొంత ఏనుగా ఏమిటి?" అనేవారు. ఆ సూత్రం నాకు బాగా పట్టుబడింది. పేపరు ముక్కల్లో ఎవరేమి చేసినా, ఉన్నది ఉన్నట్టు రాసి చూపించేదాన్ని.

4. తమరు నిర్వహించిన పరీక్షలో మాటల భాగం, గ్రామరు భాగం ప్యాసైనాను. అశ్రద్ధ అని అర్థం వచ్చే నెగ్లిజెన్స్ అనే మాటను సొంతవాక్యంలో వాడమన్నారు. వాడినాను. పూర్తి మార్కులు వచ్చినవి.

5. మూడవ భాగంలో పేరా ఇచ్చినారు. రేవులో జరిగిన ఒక ప్రమాదం గురించిన పేరా. పేరు లేదు, ఒక కార్మికుడు అని మాత్రమే ఉన్నది. కానీ ఓడ పేరు ఉన్నది. అడుగుగది నంబరు ఉన్నది. కంపెనీవారి టోపీ పెట్టుకోక తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకొన్నాడని ఉన్నది. ఆ తువ్వాలు మా ఇంట్లో మేకుకు వేలాడుతున్నది.

క్రేనుకు వేలాడే పెట్టె తిరగకుండా పట్టుకొనే తాడు ఇవ్వబడినదని, హెచ్చరికలు చేయబడినవని, అయినను ఆ కార్మికుడు అశ్రద్ధతో పెట్టెకు లోపలివైపు, గోడ దగ్గరికి వెళ్ళి నిలబడినాడని పేరాలో ఉన్నది. తాడు ఎవరు ఇచ్చారో, హెచ్చరిక ఎవరు చేశారో లేదు. చేసినవాడిని వదిలేసి వాక్యం కట్టడం నాకూ వచ్చు. గ్రామరు భాగంలో దానికే మార్కులు ఇచ్చినారు.

కింద ప్రశ్నలు. కార్మికుడు నిలబడరాని చోట ఎందుకు నిలబడినాడు? అతని మరణానికి కారణమేమి?

6. అయ్యా, ఆయన అక్కడ ఎందుకు నిలబడినాడో నాకు తెలుసు. తాడు ఇస్తే ఇద్దరు దూరాన ఉండి పెట్టెను తిన్నగా పట్టుకొంటారు. తాడు ఇవ్వని రోజున చేతులతో, భుజాలతో తిప్పాలి. అప్పుడు గోడవైపు, అంటే లోపలివైపు, గేంగులో అందరికన్నా పెద్దవాడు నిలబడాలి. పెళ్ళి కానివాళ్ళను, చంటిపిల్లలున్నవాళ్ళను అక్కడ నిలబెట్టకూడదు. ఇది ఏ కంపెనీ పెట్టిన రూలూ కాదు, కళాసీలు తమలో తాము పెట్టుకొన్న కట్టుబాటు. మా నాన్న ఆ గేంగులో పెద్దవాడు. నేను అదే రాశాను. తాడు ఇవ్వలేదు గనుక, ఆయన పెద్దవాడు గనుక అని రాశాను. ఇంగ్లీషులో తప్పు లేదని తమరే అన్నారు. అయినా ఆ భాగమంతటికీ సున్న వచ్చింది.

7. ఆ రోజు ఇంటికి వచ్చేసరికి అమ్మ గంప దించుతోంది.

"పరీచ్చలో ఏటడిగేరే?"

"నాన్న గురించి అడిగారమ్మా."

"మీ అయ్య గురించే? ఓలమ్మ! అయితే నీ అంత బాగా ఎవులు రాసుంటారు!" అని ఎదురింటి చిట్టమ్మను కూడా పిలిచి చెప్పింది. ఫలితం తెలిసిన రోజున ఆమె ఒక్కటే మాట అడిగింది. "అయ్య గురించి రాస్తే తప్పెలాగయిపోనాదే?"

8. జవాబుల కాగితం చూపించమని తమ ఆఫీసుకు వచ్చినప్పుడు తమరు కోప్పడలేదు. కుర్చీ చూపించి, "చూడమ్మాయ్, ఇది ఇంగ్లీషు పరీక్ష. ఎంక్వయిరీ కాదు" అని సెలవిచ్చినారు. ఆఫీసులో చేరేవారు ఆఫీసు ఇంగ్లీషు చదవగలగాలి గనుక పాత ఫైళ్ళ నుంచి పేరాలు తీస్తారని, ఎవరి కూతురు రాస్తుందో చూసి తీయలేదని తమ క్లర్కు గారు చెప్పినారు. నమ్ముతున్నాను. కానీ ఆ ప్రమాదం మీద ఎంక్వయిరీ జరిగిన రోజున మమ్మల్ని పిలవలేదు. పరీక్షకు పిలిచినారు. పిలిచినచోటనే కదా చెప్పుకొనేది.

9. ఎంక్వయిరీలో గేంగు కళాసీలందరూ పేరాలో ఉన్నట్టే చెప్పి వేలిముద్రలు వేసినారని తమరు అన్నారు. వారిలో ఒకరిని నేను చిన్నాన్న అని పిలుస్తాను. పేరు రాయవద్దన్నారు గనుక రాయడం లేదు. పేరాలో ఉన్నది ఆయనకు తెలుగులో చెప్పినాను. ఆయన అరుగు మీద నుంచి లేచి నిలబడిపోయినారు.

"నానలాగ సెప్పలేదే! తాడడిగితే ఇయ్యలేదని సెప్పేను. టోపీలు గొడౌన్లోనే ఉండిపోనాయని సెప్పేను. ఎంక్వయిరీ సేసినాయన బరబరా రాసుకున్నారు. ఏటి రాసేరు బాబూ అంటే, నువ్వు సెప్పిందే ఇంగిలీసులో రాసేన్రా, ఏలెయ్యి అన్నారు. ఏసీసేను."

"ఇప్పుడు వచ్చి ఆ మాట చెప్తావా చిన్నాన్నా?"

"ఇప్పుడా? ఏలేసినోడు మాట మార్సేడని నన్ను గేంగులోంచి తీసీరా? నాకు నలుగురు గుంటలున్నారు తల్లీ."

మళ్ళీ ఆయనే, "మీ అయ్య లోపలేపు నిల్సున్నాడు కాబట్టే నానివతలేపు ఉన్నాను" అన్నారు.

10. సోమవారం నాడు ఆ ఒక్క భాగానికి మళ్ళీ పరీక్ష పెడుతున్నట్లు తమ మెమో అందినది. మద్రాసు హెడ్డాఫీసు వారు ఆమోదించిన ప్రశ్నపత్రము గనుక మార్చుటకు వీలుపడదని, పేరాను అనుసరించి జవాబులు వ్రాయవలెనని, ఈసారి తప్పినచో మా కుటుంబపు దరఖాస్తు శాశ్వతముగా మూసివేయబడునని అందులో ఉన్నది.

11. కావున తమరు దయతలచి నాకు వేరొక పేరా ఏదైనా ఇప్పించవలెనని ప్రార్థన. ఎంత కష్టమైనదైనా సరే. తేనెటీగల గురించి ఇవ్వండి, రైళ్ళ గురించి ఇవ్వండి, చంద్రుడి మీదికి వెళ్ళినవాళ్ళ గురించి ఇవ్వండి. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. నాకు ఇంగ్లీషు రాదనే అనుమానం తమరికి ఉంటే రెండు పేరాలు ఇవ్వండి. ఈ ఒక్కటి మాత్రం నా చేత రాయించకండి.

పై మనవిని తీరికగా చిత్తగించవలెనని చేతులు జోడించి వేడుకొనుచున్న,

తమ విధేయురాలు,
కోరాడ గౌరీశ్వరి

తా.క. (శనివారం): అర్జీ పట్టుకొని బయలుదేరుతుంటే అమ్మ అడ్డుపడి, అందులో ఏముందో చదవమంది. మొత్తం చదివినాను. పేరాలో నాన్న గురించి ఏముందో ఆమె వినడం అదే మొదటిసారి. చాలాసేపు చేటలో బియ్యం ఏరుకొంటూ కూర్చుంది.

"ఆ కాయితంలో మీ అయ్య పేరుందేటే?"

"లేదమ్మా. ఒక కార్మికుడు అని ఉంది."

"అలాగైతే రాసీ. పేరెట్టి తిట్టకపోతే ఆ తిట్టు ఎవులికీ తగల్దు. కుళాయికాడ అన్నేసి తిట్లు తిట్టుకుంటాం, ఎవులి పేరైనా ఎడతామేటి?"

"అది తిట్టు కాదమ్మా. ఆఫీసు కాగితం. అందులో నేను..."

"నానేటి సెప్పేను? రాసీసి ఉజ్జోగం తెచ్చుకో. మీ అయ్యకి నాను సెప్పుకుంటాను."

ఆ మాట అనేసి చేట పక్కన పెట్టి, గంప తీసుకొని పనికి వెళ్ళిపోయింది.

కాబట్టి తమరికి శ్రమ వద్దు. సోమవారం వస్తాను. అదే పేరా ఇవ్వండి. తాడు ఇవ్వబడినదని రాస్తాను. హెచ్చరికలు చేయబడినవని రాస్తాను. కారణం అశ్రద్ధ అని రాస్తాను. ఆ మాట స్పెల్లింగు నాకు తప్పు పోదు.

ఒక్క మనవి మిగిలింది. అన్నింటికన్నా కింద, పేరాకు తగిన శీర్షిక పెట్టుము అని ఒక ప్రశ్న ఉంది. దాని సంగతి పైన రాయలేదు, దానికి వాదన ఏమీ లేదు గనుక. మొదటిసారి నేను అక్కడ కోరాడ పైడయ్య అని రాశాను. ఈసారి అక్కడ కూడా తమరికి కావలసినదే రాస్తాను. మొదటి కాగితాన్ని మాత్రం చించివేయకండి. కొత్తదానితో కలిపి ఫైలులో కుట్టించండి. తమరు ఎర్రసిరాతో కొట్టివేసినా గీత కింద పేరు చదవడానికి వస్తుంది. ఆ రోజు తమ బల్ల దగ్గర నేను చదివి చూసుకొన్నాను.